లేడీస్ సైకిల్ మగవాళ్లకు సరిపోతుందా? కొలతలు, మార్పులు, ఎవరికి ఏది మేలు

అమ్మాయి చదువుకోడానికి హాస్టల్‌కి వెళ్లిపోయింది, ఆమె సైకిల్ మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోతోంది. లేదా మోకాళ్లు పట్టేసి, బార్ మీదుగా కాలు తిప్పి ఎక్కడం నాన్నగారి వల్ల కావట్లేదు. లేదా పక్కవీధిలో ఎవరో లేడీస్ సైకిల్ చవకగా అమ్ముతున్నారు. ఇలాంటప్పుడే ఈ ప్రశ్న వస్తుంది: దాన్నే వాడుకోవచ్చా, మగవాళ్ల సైకిల్ విడిగా కొనాలా?

వాడుకోవచ్చు. కాకపోతే అందరూ కాదు, అన్ని పనులకూ కాదు. చాలామంది బార్ ఉందా లేదా అన్నదే చూస్తారు. సుఖంగా తొక్కగలరా లేదా అన్నది మాత్రం సీటు ఎంత ఎత్తు లేస్తుంది, సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఎంత చోటుంది, వెనక క్యారియర్ మీద ఏం కడతారు అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. బార్ సంగతి వీటి తర్వాతే.

## తేడా ఎక్కడుంది

గొలుసుతో వెనక చక్రం తిరిగే ఇప్పటి రకం సైకిల్‌కి దారి చూపింది 1885లో ఇంగ్లండ్‌లో వచ్చిన రోవర్. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పొడవాటి గౌన్లు వేసుకునే ఆడవాళ్ల కోసం పై కడ్డీని కిందికి వంచిన ఫ్రేములు వచ్చాయి. మన దగ్గర ఆ గౌను స్థానంలోకి చీర, లంగా, చుడీదార్ వచ్చాయి. గొలుసును పూర్తిగా మూసే చైన్ కవర్, వెనక చక్రానికి చీర గార్డు కూడా అందుకే పెట్టారు. లుంగీ, పంచె కట్టుకునే మగవాళ్లకూ ఇవి అంతే పనికొస్తాయి. ఆ మాటకొస్తే లుంగీ మడిచి కట్టి బార్ సైకిల్ ఎక్కడం కన్నా లేడీస్ సైకిల్ ఎక్కడమే మర్యాదగా ఉంటుంది.

బట్టల సంగతి పక్కన పెడితే మిగిలే తేడాలు ఇవి.

ఫ్రేము. బార్ సైకిల్ ఫ్రేములో హ్యాండిల్ గొట్టం, సీటు గొట్టం, పై కడ్డీ, కింది కడ్డీ కలిసి దాదాపు త్రిభుజంలా ఉంటాయి. త్రిభుజం సులువుగా మెలిపడదు. లేడీస్ ఫ్రేములో పై కడ్డీ కిందికి దిగి, కింది కడ్డీకి దగ్గరగా సాగుతుంది. కొన్నింటికి ఒకటే లావు గొట్టం ఉంటుంది. అందువల్ల పక్కలకు మెలితిప్పే బలం పడితే ఫ్రేము కాస్త ఎక్కువ ఊగుతుంది. దీన్ని తగ్గించడానికి కంపెనీలు గొట్టాలను లావుగానో మందంగానో చేస్తాయి, దాంతో బరువు పెరుగుతుంది.

సైజు. అసలు ఇబ్బంది ఎక్కువగా ఇక్కడే వస్తుంది. మన బజార్లో దొరికే లేడీస్ సైకిళ్లు ఎక్కువగా 24 లేదా 26 అంగుళాల చక్రాలతో, పొట్టి ఫ్రేముతో వస్తాయి. పాతకాలపు బార్ సైకిల్‌కి 28×1½ చక్రాలు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము ఉంటాయి. పొడుగు మనిషి లేడీస్ సైకిల్ ఎక్కితే మోకాళ్లు గడ్డానికి దగ్గరవుతున్నట్టు కనిపించేది ఈ పొట్టి ఫ్రేము వల్లే. బార్ లేకపోవడానికీ దానికీ సంబంధం లేదు.

సీటు, హ్యాండిల్. సీటు వెనక వైపు వెడల్పుగా, ముక్కు పొట్టిగా ఉంటుంది. హ్యాండిల్ తొక్కేవారి వైపు వంగి వస్తుంది. నడుము నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ల కోసం చేసిన అమరిక ఇది.

గేర్లున్న ఖరీదైన సైకిళ్లలో ఆడ, మగ తేడా ఇప్పటికే చాలావరకు పోయింది. స్పెషలైజ్డ్ లాంటి కంపెనీలు ఆడవాళ్లకు వేరే ఫ్రేము చేయడం మానేసి, ఒకే ఫ్రేమును వేరువేరు సైజుల్లో అమ్ముతున్నాయి. నెదర్లాండ్స్‌లో బార్ లేని సైకిల్ మీద వెళ్లే మగవాడిని ఎవరూ తిరిగి చూడరు. మన ఊళ్లో చూస్తారు, ఒకరిద్దరు నవ్వుతారు కూడా. దాన్ని లెక్కపెట్టాలో వద్దో మీ ఇష్టం, కొలతల పట్టికలో మాత్రం దానికి చోటు లేదు.

## ముందు మీ కాలు కొలవండి

చెప్పులు తీసి గోడకు ఆనుకుని నిలబడండి. పాదాల మధ్య 15 సెం.మీ. ఎడం ఉంచండి. ఒక లావుపాటి పుస్తకాన్ని అంచు గోడకు తగిలేలా కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు తగిలేంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత గీసి, నేల నుంచి అక్కడికి టేపుతో కొలవండి. అదే మీ లోపలి కాలి పొడవు. ప్యాంటు కొలతతో సరిపెట్టుకోకండి, అది నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది.

ఈ కొలతను 0.883తో గుణించండి. పెడల్ కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. సైకిల్ పందాల వాళ్లు వాడే లెక్క ఇది. ఊళ్లో తిరిగే సైకిల్‌కి ఇంతకన్నా 2, 3 సెం.మీ. తగ్గించుకున్నా ఫర్వాలేదు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కాలు నేలకు బాగా అందుతుంది. అంతకు మించి తగ్గిస్తే మోకాలి ముందు భాగం నొప్పి పెట్టడం మొదలవుతుంది.

18 అంగుళాల, అంటే సుమారు 46 సెం.మీ. సీటు గొట్టం ఉన్న లేడీస్ ఫ్రేమును ఉదాహరణగా తీసుకుందాం. స్ప్రింగుల సీటు, దాని క్లాంపు కలిపి 9 సెం.మీ. ఎత్తు అనుకుందాం. సీటును మోసే కడ్డీ, అంటే సీటు పోస్టు, సీటు గొట్టం లోపల కనీసం 6.5 సెం.మీ., పైన క్లాంపులో ఇంకో 2 సెం.మీ. ఉండాలి.

| మనిషి ఎత్తు | లోపలి కాలు (సుమారు) | సీటు ఎత్తు | బయట కనిపించే పోస్టు | కావలసిన పోస్టు మొత్తం పొడవు |
|---|---|---|---|---|
| 160 సెం.మీ. (5 అ. 3 అం.) | 73 | 64.5 | 10 | 19 |
| 165 సెం.మీ. (5 అ. 5 అం.) | 76 | 67 | 12.5 | 21 |
| 170 సెం.మీ. (5 అ. 7 అం.) | 78 | 69 | 14 | 23 |
| 175 సెం.మీ. (5 అ. 9 అం.) | 81 | 71.5 | 17 | 26 |
| 180 సెం.మీ. (5 అ. 11 అం.) | 83 | 73.5 | 18.5 | 27 |

అన్నీ సెంటీమీటర్లలో ఉన్నాయి. ఒకే ఎత్తున్న ఇద్దరికి కాలి పొడవు నాలుగు సెంటీమీటర్లు తేడా రావచ్చు కాబట్టి రెండో గడిలో మీ సొంత కొలత వేసి లెక్క చూసుకోండి. మీ సైకిల్ సీటు గొట్టం 16 అంగుళాలే అయితే చివరి రెండు గడులకూ 5 సెం.మీ. కలపండి.

ఇప్పుడు మీ సైకిల్ సీటు పోస్టును పూర్తిగా బయటికి లాగి కొలవండి. చవక సైకిళ్లకు పొట్టి పోస్టే వేసి పంపుతారు. పట్టికలో మీకు వచ్చిన పొడవుకన్నా అది తక్కువైతే కొత్త పోస్టు కావాలి. ఉన్నదాన్నే అంచుదాకా లాగి తొక్కకండి. పోస్టు మీద గీతలు గానీ అక్షరాలు గానీ చెక్కి ఉంటాయి, ఆ గుర్తు ఎప్పుడూ గొట్టం లోపలే ఉండాలి. గీత బయటికి వచ్చేలా పెడితే మీ బరువంతా గొట్టం పై అంచు మీద మీటలా పనిచేస్తుంది. పోస్టు వంగుతుంది, లేదా సీటు గొట్టం పై భాగం చీలుతుంది. పోస్టు పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. గొట్టం చీలితే ఫ్రేమే పోయినట్టు.

## మోకాలు, హ్యాండిల్: షాపులోనే తేల్చుకోవలసిన సంగతి

సీటు ఎత్తు సరిపెట్టినా రెండో చిక్కు మిగులుతుంది. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య దూరం తక్కువైతే మలుపు తిప్పేటప్పుడు హ్యాండిల్ పిడి మోకాలికి తగులుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు ఇది తెలియదు. సందు మలుపులోనో, గుంత తప్పించబోయి హ్యాండిల్ తిప్పినప్పుడో తెలుస్తుంది, అప్పటికి పడిపోయి ఉంటారు.

ఖాళీ స్థలంలో నెమ్మదిగా కుడికి ఒక చిన్న సున్నా, ఎడమకి ఒక చిన్న సున్నా చుట్టి చూడండి. లోపలి వైపు పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలికీ పిడికీ మధ్య నాలుగు వేళ్లు పట్టే చోటుండాలి. మోకాలు బయటికి విరిచి తొక్కాల్సి వస్తే ఆ సైకిల్ ఉన్నది ఉన్నట్టుగా మీకు పనికిరాదు.

ఇక్కడ కొంత కలిసొచ్చే విషయం ఒకటుంది. సీటు గొట్టం నిలువుగా కాక వెనక్కి వాలి ఉంటుంది. 70 డిగ్రీల వాలు ఉంటే, సీటును 10 సెం.మీ. పైకి లేపినప్పుడు అది 3.4 సెం.మీ. వెనక్కి కూడా జరుగుతుంది. సీటు సరైన ఎత్తుకు లేపగానే మోకాలి చిక్కు సగం తీరేది అందుకే. పొట్టిగా అనిపించిన సైకిళ్లలో చాలావాటికి సీటే కిందికి ఉంటుంది. సీటు లేపకుండా సైకిల్‌కి వంక పెట్టకండి.

## మీ ముందున్న దారులు

| చూడాల్సింది | ఉన్నది ఉన్నట్టు లేడీస్ సైకిల్ | మార్పులు చేసిన లేడీస్ సైకిల్ | బార్ సైకిల్ | బార్ దిగిన పెద్ద సైజు సిటీ సైకిల్ |
|---|---|---|---|---|
| ఎవరి ఎత్తుకు | సుమారు 165 సెం.మీ. దాకా | సుమారు 175 దాకా | 165 పైన | సైజును బట్టి అందరికీ |
| ఎక్కడం, దిగడం | తేలిక | తేలిక | కాలు తిప్పాలి | తేలిక |
| వెనక బరువు | తక్కువ | తక్కువ | బాగా మోస్తుంది | ఓ మోస్తరు |
| 10 కి.మీ. పైన | అలసట | ఫర్వాలేదు | బాగుంటుంది | బాగుంటుంది |
| నిలబడి తొక్కడం | ఊగుతుంది | ఊగుతుంది | గట్టిగా ఉంటుంది | మోడల్‌ను బట్టి |
| ఖర్చు | లేదు | కొద్దిగా | ఓ మోస్తరు | ఎక్కువ |
| ఊరి మెకానిక్ దగ్గర సామాను | దొరుకుతుంది | దొరుకుతుంది | ఎక్కడైనా దొరుకుతుంది | పట్నంలోనే |

24 అంగుళాల చక్రాల సైకిల్‌కి పట్టికలో చోటివ్వలేదు. అది బడి పిల్లల సైజు. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల్లోని ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు, చాలా ఇళ్లలో అవి ఇంకా ఉన్నాయి. వాటిని అన్నదమ్ములో, నాన్నో వాడదలిస్తే ముందు టైరు పక్కన ఉన్న అంకె చదవండి. 24 ఉంటే వీధి చివరి కిరాణా కొట్టు దాకా చాలు, రోజూ పనికి వెళ్లడానికి వద్దు. ఇలాంటి చిన్న సైజుల్లో పెడల్ కాడలు కూడా పొట్టిగా ఉండొచ్చు. పెద్దవాళ్ల సైకిళ్లకు 165 నుంచి 170 మి.మీ. కాడలు ఉంటాయి, కాడ లోపలి వైపు ఆ అంకె చాలాసార్లు చెక్కి ఉంటుంది.

### ఉన్నది ఉన్నట్టు వాడటం

ఎత్తు 165 సెం.మీ. లోపు, బరువు 70 కిలోల లోపు, రోజుకు నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణం అయితే ఏ మార్పూ అక్కర్లేదు. సీటు లేపుకోండి, గాలి కొట్టుకోండి, చాలు.

గాలి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నలభై అయిదు కిలోల అమ్మాయికి సరిపోయిన గాలి మీకు చాలదు. గాలి తక్కువగా ఉన్న టైరుతో గుంతలో పడితే ట్యూబు రిమ్ము అంచుకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. టైరు పక్కన రాసి ఉన్న హద్దులో పైఅంకె దగ్గరగా కొట్టించండి. వాల్వ్ ట్యూబ్ ఉండే పాత రకం వాల్వుకు గేజీ సరిగ్గా పనిచేయదు. సీటు మీద కూర్చుని వంగి చూడండి, వెనక టైరు నేల దగ్గర కొద్దిగా మాత్రమే ఉబ్బాలి.

వెడల్పు సీటును చూసి భయపడక్కర్లేదు. నిటారుగా కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల్లోని రెండు ఎముకల మీద పడుతుంది, ఆ భంగిమకు వెడల్పు సీటే కావాలి. మగవాళ్లకు తిమ్మిరి తెప్పించేది సీటు ముక్కు. అది పైకి లేచి ఉంటే కాళ్ల మధ్య ఉండే నరాలు, రక్తనాళాల మీద ఒత్తిడి పడుతుంది. సీటు మీద ఒక స్కేలు పెట్టి చూడండి, నేలకు సమాంతరంగా ఉండాలి. పదిహేను నిమిషాలు తొక్కాక తిమ్మిరెక్కితే ముక్కును వెంట్రుకవాసి దించండి. ఎక్కువ దించితే ముందుకు జారుతుంటారు, బరువు చేతుల మీద పడి మణికట్లు నొప్పి పెడతాయి.

### మార్పులు చేసి వాడటం

165 నుంచి 175 సెం.మీ. ఎత్తు వాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైన దారి. సామాను మొత్తం మార్చినా కొత్త సైకిల్ ధరలో చిన్న భాగమే అవుతుంది. వరస ఇలా ఉంటే పని చెడదు.

1. సీటు పోస్టు. పాతదాన్ని చేతిలో పట్టుకునే షాపుకు వెళ్లండి. పోస్టుల లావులో 0.2 మి.మీ. తేడాతో సైజులుంటాయి. కంటికి ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి వెర్నియర్‌తో (లావు కొలిచే పరికరం) కొలిపించండి. కాస్త సన్నగా ఉంది, రేకు ముక్క చుట్టి బిగిస్తా అని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. రేకు అరిగి పోస్టు దిగిపోతుంటుంది, మళ్లీ మళ్లీ బిగించగా గొట్టం అంచు దెబ్బతింటుంది. పెట్టేముందు పోస్టుకు పల్చగా గ్రీజు రాయండి. లేకపోతే రెండు వానాకాలాలకు తుప్పు పట్టి, సుత్తితో కొట్టినా కదలదు.

2. సీటు ఎత్తు సరిచూడటం. గోడ పట్టుకుని సీటెక్కి, మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అడుగుకు దించండి. కాలు సరిగ్గా చాపినట్టు ఉండాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే సీటు ఎక్కువ లేపారన్నమాట. అలా వదిలేస్తే మోకాలి వెనక నొప్పి వస్తుంది.

3. హ్యాండిల్ లేపడం. సీటు లేపి హ్యాండిల్ వదిలేస్తే ముందుకు వాలిపోతారు. హ్యాండిల్ కాడ పైన ఉన్న బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయకండి. బోల్టు తల కాస్త పైకి లేస్తుంది. దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. లోపల బిగుసుకున్న ఏటవాలు ముక్క వదులై కాడ కదులుతుంది. ఆ దెబ్బ వేయకుండా హ్యాండిల్ పట్టుకుని గుంజితే ఎంతసేపటికీ రాదు. సీటు పైభాగానికి సమంగానో, మూడు నాలుగు సెంటీమీటర్లు పైకో లేపండి. కాడ మీద కూడా గీత ఉంటుంది, అది లోపలే ఉండాలి. తర్వాత ముందు చక్రాన్ని కాళ్ల మధ్య బిగించి పట్టి హ్యాండిల్ తిప్పి చూడండి. అది చక్రాన్ని వదిలి తిరిగితే బోల్టు ఇంకా బిగించాలి. బ్రేకు తీగలు సాగిపట్టాయేమో కూడా చూడండి.

4. మోకాలు ఇంకా తగులుతుంటే. ముందుకు పొడుచుకు వచ్చే కాడ వేయించండి, లేదా వంపు తక్కువున్న హ్యాండిల్ వేయించండి. హ్యాండిల్ మారిస్తే బ్రేకు లివర్లు కూడా సరిపడేవే ఉండాలి. కడ్డీ బ్రేకులున్న సైకిల్‌కి ఈ మార్పు పెద్ద పని, మానేయడమే మంచిది.

5. ఫ్రీవీల్. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్లు, టైరు 26×1⅜ అనుకుంటే, పెడల్ ఒక చుట్టుకు సైకిల్ దాదాపు 5 మీటర్లు వెళుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 18 కి.మీ. కాళ్లలో బలముండి, దారి చదునుగా ఉండి, ఉట్టినే తిరిగిపోతున్నట్టు అనిపిస్తే 16 పళ్ల ఫ్రీవీల్ వేయించండి, అదే తొక్కుడుకు 20 దాటుతుంది. ఎత్తుపల్లాల దారి అయితే 20 పళ్లది మేలు. విశాఖ కొండవీధుల్లో, హైదరాబాద్ బంజారాహిల్స్ లాంటి చోట్ల 16 పళ్లతో మోకాళ్లు అరగదీసుకోవద్దు. ఫ్రీవీల్ సైజు మారిస్తే గొలుసు వదులో బిగువో మారుతుంది, వెనక ఇరుసు నట్లు వదులు చేసి సరిపెట్టాలి.

ఇన్ని చేసినా ఫ్రేము బలం పెరగదు. సీటు మీద కూర్చుని తొక్కేవాళ్లకు ఆ తేడా తెలియదు. 85 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ లేచి నిలబడి తొక్కితే తెలుస్తుంది. ఫ్రేము మెలిపడి, గొలుసు చైన్ కవర్‌కి రాసుకుంటూ కరకరమంటుంది. ఆ చప్పుడు వింటే కూర్చుని తొక్కండి.

### బార్ సైకిల్

బరువు మోయాలంటే దీనికి సాటి లేదు. పాల క్యాన్లు, బియ్యం బస్తా, వెనక ఒక మనిషి, ఇవన్నీ ఉంటే వేరే ఆలోచన వద్దు. పాత రకం 28 అంగుళాల సైకిల్‌కి ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలు (స్పోకులు) ఉండటం కూడా బరువు కోసమే. నడిపించుకుంటూ వెళ్లేటప్పుడు బార్ మీద కూడా సంచి వేలాడదీయొచ్చు. అపార్ట్‌మెంట్ మెట్లెక్కించాలంటే బార్ కింద భుజం పెట్టి ఎత్తొచ్చు. లేడీస్ సైకిల్‌ని అలా ఎత్తడం కుదరదు, సీటు గొట్టం ఒక చేత్తో, కింది కడ్డీ ఒక చేత్తో పట్టుకోవాలి.

దీనిలోనూ ఒక మెలిక ఉంది. క్యారియర్ మీద ఎత్తుగా బస్తా కట్టాక వెనక నుంచి కాలు తిప్పి ఎక్కలేరు. ముందు నుంచి బార్ మీదుగా మోకాలు మడిచి దాటించాలి. యువకులకు ఇది పెద్ద విషయం కాదు. అరవై దాటినవాళ్లు మాత్రం ఇలా కాలు దాటించేటప్పుడే, సైకిల్ కదలకముందే పడిపోవచ్చు. వెనక పిల్లల సీటు బిగించినా ఇదే చిక్కు. కాబట్టి బరువు 15, 20 కిలోల లోపే ఉండి, ఎక్కి దిగడం ఎక్కువసార్లు ఉంటే బార్ లేనిదే మంచిది. అంతకన్నా బరువు ఎక్కువైతే బార్ ఉన్నదే వాడాలి. రెండూ కావాలంటే కుదరదు.

బార్ సైకిల్ కొనేటప్పుడు దాని మీద రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడి చూడండి. బార్‌కీ మీకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి. 160 సెం.మీ. మనిషి 24 అంగుళాల ఫ్రేము కొంటే సడన్ బ్రేకు వేసిన రోజు ఎందుకు వద్దన్నారో తెలుస్తుంది. పొట్టివాళ్లకు లేడీస్ సైకిలే ఎక్కువ సుఖమని చెప్పేది ఇందుకే.

### బార్ దిగిన పెద్ద సైజు సిటీ సైకిల్

ఇప్పుడు పట్నం షాపుల్లో ఆడ, మగ అని రాయకుండా, పై కడ్డీ వాలుగా దిగిన సైకిళ్లు దొరుకుతున్నాయి. వీటిలో ఫ్రేము సైజులుంటాయి, పోస్టు పొడవుగా వస్తుంది, గేర్లూ ఉంటాయి. 175 సెం.మీ. దాటి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదొక్కటే నిజంగా సరిపోతుంది. పల్లెలో ఉండేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. గేరు తీగ తెగితే, డిస్కు బ్రేకు ప్యాడ్లు అరిగితే ఊళ్లో సామాను దొరకదు, మండల కేంద్రంలోనూ అనుమానమే.

## ఎవరికి ఏది

కాలేజీ కుర్రాళ్లు. అక్క సైకిల్ ఉంటే పోస్టు మార్చి వాడేయండి. డబుల్స్ మాత్రం వద్దు. చాలా క్యారియర్ల మీద 10, 18, 25 అని కిలోల అంకె అచ్చేసి ఉంటుంది, స్నేహితుడు అరవై కిలోలుంటాడు. ముందు విరిగేవి క్యారియర్ కాళ్లను పట్టి ఉంచే స్క్రూలు, తర్వాత వెనక చక్రం పుల్లలు. ఒక పుల్ల విరిగితే అదే రోజు వేయించుకోండి. దాని బరువు పక్క పుల్లల మీద పడి, అవీ ఒకదాని వెంట ఒకటి పోతాయి.

యాభై దాటినవాళ్లు, మోకాలి లేదా తుంటి ఆపరేషన్ అయినవాళ్లు. తొక్కడానికి డాక్టర్ ఒప్పుకున్నాక, బార్ లేని సైకిల్ వైపే చూడండి. 60 కిలోల మనిషికైనా 80 కిలోల మనిషికైనా కాలు ఎత్తకుండా ఎక్కగలగడమే ఇక్కడ ముఖ్యం. సీటు లెక్కకన్నా 3 సెం.మీ. కింద పెట్టుకుని, ఆగినప్పుడు పాదం నేలకు ఆనేలా చూసుకోండి. సాయంత్రం షికారుకు వెళ్లే దూరానికి ఆ కాస్త తగ్గింపు మోకాలికి హాని చేయదు.

బరువు తగ్గడానికి తొక్కేవాళ్లు. 90 కిలోల పైన ఉంటే లేడీస్ సైకిల్ ఫ్రేము కన్నా ముందు వెనక చక్రం గురించి ఆలోచించండి. పుల్లల బిగువు సరిచేయించి, మంచి టైరు వేయించి మొదలుపెట్టండి. రోజూ 10 కి.మీ. దాటే ఉద్దేశం ఉంటే బార్ సైకిల్ గానీ, గేర్ల సైకిల్ గానీ కొనడమే తెలివైన పని. స్టీలు రిమ్ముల మీద వానలో బ్రేకు చాలా ఆలస్యంగా పడుతుంది. మీ బరువుకు ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. వాన పడుతుంటే వేగం ముందే తగ్గించండి.

ఇంట్లో ఇద్దరూ ఒకే సైకిల్ వాడాలనుకుంటే. లేడీస్ ఫ్రేమే కొనండి, కానీ పొడుగు మనిషి కొలతకు పోస్టు వేయించండి. సీటు గొట్టం దగ్గర నట్టు తీసేసి చేత్తో తిప్పే క్విక్ రిలీజ్ క్లాంపు బిగిస్తే రోజుకు రెండుసార్లు సీటు మార్చుకోవచ్చు. పోస్టు మీద ఆవిడ ఎత్తు దగ్గర ఒక గీత, ఆయన ఎత్తు దగ్గర ఒక గీత పెయింటుతో పెట్టుకోండి. బయట ఆపినప్పుడు సీటు ఎత్తుకుపోతారన్న భయముంటే తాళం గొలుసు సీటు కింది తీగల్లోంచి కూడా తిప్పి వేయండి.

పాత సైకిల్ కొనేవాళ్లు. లేడీస్ ఫ్రేము చూసేటప్పుడు రెండు చోట్ల తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి చూడండి. ఒకటి, హ్యాండిల్ గొట్టానికి కింది కడ్డీ కలిసే అతుకు అడుగుభాగం. రెండు, దిగి వచ్చిన పై కడ్డీ సీటు గొట్టానికి తగిలే చోటు. బార్ సైకిల్‌లో పై కడ్డీ పంచుకునే బరువు ఇక్కడ ఈ అతుకుల మీదే పడుతుంది. పెయింటు మీద వెంట్రుకలా సన్నని గీత, దాని వెంట తుప్పు మరక కనిపిస్తే అది పైపై గీత కాదు, గొట్టం చిట్లింది. వెల్డింగు షాపులో అతికిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ పల్చటి గొట్టం ఆ వేడికి పక్కనే బలహీనపడి, అతుకును ఆనుకుని మళ్లీ చిట్లుతుంది. ఈసారి తొక్కుతుండగానే విరగొచ్చు. అలాంటి సైకిల్‌ని ఎంత చవకగా ఇస్తామన్నా వద్దని చెప్పి వచ్చేయండి.